మామగారి బండికి పళ్ళ సెట్టు

ఆ గురువారం ఉదయం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకంలో పెద్ద విషయాలేమీ లేవు. కాఫీ తాగడం, షెడ్డులో ఉన్న కారుకి ఒక చక్రం విప్పడం, కొలత తీసుకోవడం, చేతులు కడుక్కుని క్లినిక్కు వెళ్ళడం. వీటిలో కాఫీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

కారు రెండు సీట్లది, ముదురాకుపచ్చది. పక్కన నిలబడి దాని పైకప్పు మీద గ్లాసు పెట్టాలంటే నడుం వంచాలి. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి చాలాకాలమైంది. డాక్టరు రోజూ క్లినిక్కు వెళ్ళేముందు షెడ్డు తలుపు తీసి ఒకసారి చూసి వెళ్ళేవాడు. మనుషుల చేత నోరు తెరిపించడం వృత్తిగా పెట్టుకున్నవాడు దాని ముందు మాత్రం తనే నోరు తెరిచేవాడు.

కారు మామగారిది. ఆయన రిటైరయ్యేదాకా డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలు పెట్టిన అధికారి. పరీక్షకు వచ్చినవాడి ముందు, అద్దం కింద, అంచుదాకా నింపిన నీళ్ళ గ్లాసు పెట్టేవారు. చుక్క తొణికితే ఫెయిల్. ఊళ్ళో సగం మందిని ఆ గ్లాసుతోనే ఇంటికి పంపారు. ఆ సగంలో ఆయన కాబోయే చిన్నల్లుడు కూడా ఉన్నాడు, రెండుసార్లు. మూడోసారి పాసు చేసి పిల్లనిచ్చారు గానీ ఆ పాసు మీద ఆయనకు ఇప్పటికీ అనుమానమే.

భుజం పట్టేసి గేరు మార్చలేని స్థితి వచ్చాక కారుని చిన్నల్లుడి షెడ్డులో పెట్టించారు. పోయిన నెల ఒక గుంతలో పడి ముందు చక్రం చిట్లింది. మిగతా మూడూ అదే వయసువి, అదే దారిలో ఉన్నాయి. సంగతి తెలిసిన మామగారు ఫోన్ చేశారు.

"ఆదివారం వస్తున్నానయ్యా. బండి కదిలితే నీ దగ్గరే ఉంటుంది. కదలకపోతే పెద్దల్లుడు వ్యాన్ తెస్తానన్నాడు, ఎక్కించుకుపోతాడు."

పెద్దల్లుడు అప్పటికే ఇంటి పక్కన గ్యారేజీ కట్టించి లైటు కూడా పెట్టించాడని డాక్టరు భార్య వాళ్ళ అక్క ద్వారా విని వచ్చి చెప్పింది.

అందుకే డాక్టరు బుధవారం చక్రాలాయన దగ్గరికి వెళ్ళాడు. పాత కార్ల చక్రాలు తప్ప ఇంకేమీ అమ్మని మనిషి ఆయన. గోడౌనులో నేల నుంచి కప్పుదాకా అరలు, అరల నిండా చక్రాలు. ఎవరూ మాట్లాడని చోట గొంతు తగ్గించినట్టు డాక్టరు గొంతు తగ్గించాడు.

"గట్టిగానే మాట్లాడండి. చక్రాలు లేవవు," అన్నాడాయన. "చూడండి డాక్టరుగారూ, చక్రం బండికి నప్పాలి, బండికి పట్టాలి. రెండూ వేరు. చాలామంది ఒకటి చూసి రెండోది మర్చిపోతారు."

"పెద్దవి, మెరిసేవి వేస్తే ఎలా ఉంటుంది?"

"తాతగారు మనవడి బూట్లు తొడుక్కున్నట్టు ఉంటుంది."

డాక్టరుకి ఆ మాట వెంటనే ఎక్కింది. ముడతలు పడ్డ ముఖంతో వచ్చి సినిమా హీరో పళ్ళు పెట్టమనే వాళ్ళకి ఆయన ఇన్నేళ్ళుగా చెబుతున్నది అదే.

చక్రాలాయన నిచ్చెన ఎక్కి పై అర నుంచి గోనెసంచిలో చుట్టినదాన్ని దించాడు. సంచి విప్పి, దుమ్ము ఊది, బల్లకి ఆనించి నిలబెట్టాడు. మధ్యనుంచి చువ్వల్లాంటి ఎనిమిది ఆకులు బయలుదేరి అంచుని చేరేసరికి సన్నబడుతున్నాయి. అంచు ఒక్కటే మెరుగు పెట్టి ఉంది. మామగారి కారు పుట్టిన కాలంలోనే వేరే కారుకి పోతపోసినవట. డాక్టరు వేలితో ఒక ఆకు వెంబడి అంచుదాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

"నప్పుతాయి," అన్నాడు చక్రాలాయన. "పడతాయో లేదో కొలత తెస్తే చెప్తాను. బోల్టులెన్ని, ఎంత దూరంలో ఉన్నాయి, మధ్య కన్నం ఎంత, చక్రం ఎంత లోపలికి కూర్చోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా నా పూచీ లేదు."

వెంట్రుకవాసి అన్న మాటే కొంప ముంచింది. మామూలు మనిషి అయితే టేపు తీసుకునేవాడు. డాక్టరు వృత్తిలో వెంట్రుకవాసిని టేపుతో కొలవరు, అచ్చు తీస్తారు.

గురువారం ఉదయం ఆయన కారుని జాకీ మీద లేపి చక్రం విప్పాడు. లోపల ఇనుప పళ్ళెం, దాని మధ్య బొడిపె, చుట్టూ నాలుగు బోల్టులు బయటపడ్డాయి. వాటికి వేజలీన్ రాశాడు. నోటి అచ్చులు తీసే గులాబీ పొడిని క్లినిక్కులో రెండు చెంచాలే కలుపుతారు. ఆయన బక్కెట్టులో కలిపాడు. పుదీనా వాసన వంటింటిదాకా వెళ్ళింది.

"ఏమండీ, నా కేకు గిన్నె కనబడటం లేదు," అంది భార్య వరండాలోంచి.

"బండి నోట్లో ఉంది."

ఆమె వచ్చి చూసింది. గులాబీ ముద్ద నిండిన గిన్నెను రెండు చేతులతో పళ్ళేనికి అదిమిపట్టి భర్త మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. "కదలకు, కాసేపే," అంటున్నాడు కారుతో. ముక్కుతో గాలి పీల్చుకోమని కూడా అనబోయి, భార్యను చూసి ఆగాడు.

"దీనికి మత్తింజక్షన్ ఇవ్వలేదా?" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ముద్ద గట్టిపడ్డాక ఊడదీసి అందులో ప్లాస్టర్ పోశాడు. ఆరాక గిన్నె బోర్లించి చూసుకున్నాడు. పళ్ళెం, బొడిపె, నాలుగు బోల్టులు, బోల్టుల మీది మరలతో సహా తెల్లగా వచ్చాయి. మొదటి బోల్టు తల మీది చిన్న గీత కూడా వచ్చింది. తాను చదువు పూర్తిచేసిన దగ్గర్నుంచీ ఇంత మంచి అచ్చు తీయలేదని డాక్టరుకి అనిపించింది.

ఆ రోజే క్లినిక్కు బల్ల మీద ఇంకో అచ్చు ఆరుతోంది. అది ముందురోజు మామగారు వచ్చి ఇచ్చి వెళ్ళిన పైదవడ. ఆయన పాత పళ్ళ సెట్టు విరిగింది, కొత్తది ఆదివారానికి కావాలి. పెద్దల్లుడి ఎదుట ముందుపళ్ళు లేని బోసి నోటితో మాట్లాడేది లేదని ముందే చెప్పారు. అచ్చు తీస్తున్నంతసేపూ, నోట్లో ముద్ద ఉండగానే, డాక్టరు ముద్ద పట్టుకున్న తీరు సరిగా లేదని వాదించారు.

డాక్టరు ఇంటినుంచి తెచ్చిన కారు అచ్చునీ, దీన్నీ రెండు అట్టపెట్టెల్లో పెట్టి మూశాడు. ఇంట్లో కారుని మామగారిది అనే అంటారు. అందుకని అలవాటుగా రెండు పెట్టెల మీదా ఒకే మాట రాశాడు: మామగారిది, అర్జెంటు. ఈలోపు పన్ను నొప్పితో ఒకాయన చెంప పట్టుకుని లోపలికి వచ్చాడు.

"అమ్మా, ఒకటి ల్యాబ్‌కి, ఒకటి చక్రాలాయనకి పంపించేయి," అని రిసెప్షన్ అమ్మాయితో చెప్పి డాక్టరు తలుపు వేసుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం చక్రాలాయన ఫోన్ చేశాడు.

"అచ్చు వచ్చిందండీ. నాలుగున్నాయి."

"అవును, నాలుగే."

"కానీ సమంగా లేవు. రెండు ఇటు, రెండు అటు. ఒకటి సగం విరిగింది."

డాక్టరు కుర్చీలో పేషెంటుని అలాగే నోరు తెరిచి ఉంచి లేచాడు. "విరగడమేంటండీ? నిన్న నేను చూశానే."

"నా ఎదురుగా ఉంది. ఒకటేమో పక్కకి వాలింది. ఇంకో మాట, బండి ఎప్పుడైనా గట్టిగా గుద్దుకుందా? పళ్ళెం గుండ్రంగా లేదు. లాడంలాగా ఉంది."

డాక్టరు ఫోన్ పెట్టేసి, పేషెంటుకి నోరు మూసుకోమని చెప్పి, స్కూటరు మీద ఇంటికి వెళ్ళాడు. షెడ్డులో టార్చి వేసి చూశాడు. పళ్ళెం గుండ్రంగానే ఉంది. బోల్టులు నిటారుగా ఉన్నాయి. అక్కడినుంచే ఫోన్ చేశాడు.

"ఇక్కడ బాగానే ఉందండీ. మధ్యలో బొడిపె చూడండి, అది సరిగ్గా ఉందా?"

"బొడిపె లేదండీ. మధ్యలో గుంట. పైకప్పులాగా లోపలికి పోయింది. దాని ముందువైపు అడ్డంగా మడతలు."

డాక్టరు టార్చి ఆర్పాడు. ఆ మడతలు ఆయనకు బాగా తెలుసు. అవి అంగిలివి. మామగారికి మిగిలిన నాలుగు పళ్ళలో ఆ విరిగినదాని మీద ఆయనతో వాదన కూడా అయింది.

"అది బండిది కాదండీ."

"మరి?"

"మా మామగారి నోరు."

చక్రాలాయన గొంతు తగ్గించి, "బల్ల మీద పెట్టుకుని పొద్దున్నుంచీ చూస్తున్నానండీ," అన్నాడు. "కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన దగ్గర లైసెన్సు పరీక్షకి వెళ్ళాను. ఎక్కడో చూసినట్టుందే అనుకుంటున్నాను."

క్లినిక్కులో రిసెప్షన్ అమ్మాయి నిర్భయంగా జవాబు చెప్పింది. "మీరు ఏది ఎవరికో చెప్పలేదు డాక్టరుగారూ. ఒకటి పెద్ద పెట్టె, ఒకటి చిన్న పెట్టె. మీ మామగారి నోరు పెద్దది కదా, పెద్దది ల్యాబ్‌కి పంపాను."

డాక్టరు స్కూటరు ఎక్కి ల్యాబ్‌కి బయలుదేరాడు.

పళ్ళ సెట్లు కట్టే ఆ ల్యాబ్ ఆయన పెద్ద వయసువాడు. పని చేసేటప్పుడు ఫోన్ కట్టేస్తాడు. వచ్చిన అచ్చుని ప్రశ్నలేసి వెనక్కి పంపడం ఆయన ఇంటావంటా లేదు. వచ్చింది నోరు, దానికి పట్టేది చేయాలి, అంతే. డాక్టరు మెట్లెక్కి వెళ్ళేసరికి ఆయన దీపం కింద కూర్చుని ఏదో గుడ్డతో తుడుస్తున్నాడు. ముందు కారు అచ్చు ఉంది.

"రండి," అన్నాడు లేచి. ఆయన డాక్టరు కోసం లేవడం అదే మొదటిసారి. "ఎన్నో నోళ్ళు చూశాను గానీ ఇలాంటిది చూడలేదు. పాపం, యాక్సిడెంటా? నాలుగు రాడ్లు వేశారే. మధ్యలో ఎముక అంత పైకి లేచిందేంటి?"

"అది..."

"నాకు చెప్పక్కర్లేదు లెండి, మనిషి బాధ మనిషిది. పళ్ళు ఎక్కడ పెట్టాలో మీరు రాయలేదు. అందుకని ముందు చిగురు వరకూ కట్టాను." ఆయన గుడ్డ తీశాడు.

అది గులాబీ రంగు ఉంగరం. పళ్ళ సెట్టుకి వాడే ప్లాస్టిక్కుతో చేసినది. ఆయన దాన్ని అచ్చు బొడిపెకి తొడిగి వదిలాడు. అది తనంతట తాను కిందికి జారి, గాలి బయటికి పోయిన చిన్న చప్పుడుతో కూర్చుంది. అచ్చుని తలకిందులు చేసి ఊపాడు. ఉంగరం కదలలేదు.

డాక్టరు కళ్ళార్పకుండా చూశాడు. తప్పు అచ్చు, తప్పు చోటు, తప్పు వస్తువు. పని మాత్రం ఎక్కడా తప్పు పట్టడానికి లేదు.

"ఈయన భోజనం ఎలా చేస్తున్నాడండీ?" అన్నాడు ల్యాబ్ ఆయన.

"పెట్రోలు తాగుతాడు."

"వేళాకోళాలు వద్దు డాక్టరుగారూ."

ఆ కళ్ళలో నీటిపొర చూసి డాక్టరుకి నిజం చెప్పడానికి నోరు రాలేదు. అచ్చునీ ఉంగరాన్నీ తీసుకుని ఇంటికి వచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు.

శనివారం ఉదయం చక్రాలాయన స్వయంగా వచ్చాడు. నాలుగు చక్రాలూ, తువ్వాలులో చుట్టిన మామగారి దవడా తెచ్చాడు. డాక్టరు కారు అచ్చు చూపించాడు. ఆయన దాన్ని వేళ్ళతో తడిమి, "దీనికి దణ్ణం పెట్టొచ్చు," అని చక్రం ఎత్తాడు.

నాలుగు బోల్టులూ నాలుగు కన్నాల్లోంచి సూటిగా బయటికొచ్చాయి. చక్రం ఎంత లోపలికి ఉండాలో అంత లోపలే కూర్చుంది. డాక్టరు దూరంగా వెళ్ళి నిలబడి చూశాడు. ఆ చక్రంతో కారు కొత్తగా కనబడలేదు, ఇన్నాళ్ళూ అది వేరే చక్రాలతో ఎలా తిరిగిందా అనిపించింది. అప్పుడు చక్రాలాయన చక్రాన్ని పట్టుకుని ఊపాడు. అది ఊగింది.

"మధ్య కన్నం పెద్దది," అన్నాడు. "బొడిపె చుట్టూ సందు ఉంది. ఇలాగే బిగిస్తే చక్రం ఒక వెంట్రుక పక్కకి కూర్చుంటుంది. వేగం పెంచితే బండి వణుకుతుంది."

డాక్టరు కళ్ళముందు నీళ్ళ గ్లాసు మెదిలింది. "ఏం చేయాలి?"

"సందులో ఒక రింగు పెట్టాలి. లేతు మిషను పనివాడి దగ్గర చేయించాలి. వచ్చేవారం అవుతుంది."

"వచ్చేవారం దాకా బండి ఇక్కడ ఉండదు," అన్నాడు డాక్టరు. షెడ్డు గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయాడు.

భార్య రెండు కాఫీలు తెచ్చింది. "ఏమండీ, ఆ గులాబీ కుదురు ఎక్కడ కొన్నారు? అడుగు గుండ్రంగా ఉన్న గిన్నె దానిమీద పెడితే ఇటూ అటూ కదలటం లేదు. ఇంకో రెండు తెండి."

మగవాళ్ళిద్దరూ కాఫీ ముట్టలేదు. డాక్టరు వంటింట్లోకి పరుగెత్తి, గిన్నె దించి, కుదురు పట్టుకొచ్చాడు. బొడిపెకి తొడిగాడు. అదే చిన్న చప్పుడు. చక్రం ఎత్తి పెడితే ఈసారి లోపలికి పోలేదు.

"మందం ఎక్కువైంది," అన్నాడు చక్రాలాయన.

"అది నా పని," అన్నాడు డాక్టరు.

క్లినిక్కు నుంచి అరగదీసే మిషనూ, నీలం కాగితమూ వచ్చాయి. కొత్త పళ్ళు ఎక్కడ ఎత్తుగా తగులుతున్నాయో చూడటానికి పేషెంటు చేత కొరికించే కాగితం అది. డాక్టరు దాన్ని చక్రానికీ ఉంగరానికీ మధ్య పెట్టి, నీలం అంటిన చోటల్లా అరగదీశాడు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ గీశాడు. చివరికి చక్రం ఒక్క నెట్టుతో వెళ్ళి కూర్చుంది. చక్రాలాయన రెండు చేతులతో ఊపాడు. చక్రం కదలలేదు, ఆయనే ఊగాడు.

"ప్లాస్టిక్కు ఆగుతుందా?" అని డాక్టరు అడిగాడు.

"బరువు మోసేది బోల్టులండీ. ఇది మధ్యలో నిలబెడుతుంది, అంతే. ఎవరు చేశారు?"

"పళ్ళు చేసే ఆయన."

చక్రాలాయన అప్పుడు కాఫీ తాగాడు. అది చల్లారిపోయిన సంగతి గమనించినట్టు లేదు.

డాక్టరు అరగదీసిన ఉంగరాన్నీ, కారు అచ్చునీ, మామగారి దవడనీ తీసుకుని ల్యాబ్‌కి వెళ్ళాడు.

"ఇలాంటివి ఇంకో మూడు కావాలి. ఇదే కొలత. రేపు పొద్దున్నకి."

"మూడా? అందరికీ ఒకేలాంటి నోరా?"

"ఒక్కడికే."

ల్యాబ్ ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "నాలుగు నోళ్ళు," అన్నాడు నెమ్మదిగా. కాసేపయ్యాక దవడ వైపు చూశాడు. "మరి ఇది?"

"అదీ రేపటికే కావాలి."

"రెండూ కావు. ఏది ముందో మీరే చెప్పండి."

డాక్టరు దవడ వైపు చూశాడు. ఆ నాలుగు పళ్ళూ, ఆ మడతలూ తనని ఫెయిల్ చేయడానికి సిద్ధంగా ఉన్నట్టు అనిపించింది. తర్వాత ఆకుపచ్చ కారునీ, దాన్ని ఎక్కించుకోవడానికి వచ్చే వ్యానునీ తలుచుకున్నాడు.

"నాలుగు నోళ్ళాయనే ముందు," అన్నాడు.

ఆదివారం పెద్దల్లుడు ఖాళీ వ్యాను నడుపుకుంటూ ముందు వచ్చాడు, మామగారు ఆటోలో వెనక వచ్చారు. పళ్ళు రాలేదని కూతురు చెవిలో చెప్పగానే ఆయన పెదవులు బిగించారు. ఆ తర్వాత ఒక్క మాట లేదు. షెడ్డు తలుపు తీయమని చేత్తో చూపించారు.

తలుపు తెరుచుకుంది. కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. మామగారు దాని చుట్టూ ఒకసారి తిరిగారు. ఆగారు. ఇంకోసారి తిరిగారు. పెద్దల్లుడు తన వ్యానుకి కట్టుకొచ్చిన తాళ్ళ వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"బాగున్నాయి తమ్ముడూ," అన్నాడు. "తిరుగుతాయా?"

మామగారు పక్క సీట్లో కూర్చుని, కూతురి వైపు చెయ్యి చాచారు. ఆమెకి తెలుసు. గ్లాసులో అంచుదాకా నీళ్ళు తెచ్చిచ్చింది. ఆయన దాన్ని అద్దం కింద పెట్టారు.

వీధి చివరిదాకా డాక్టరు నెమ్మదిగా పోనిచ్చాడు. పెద్ద రోడ్డు ఎక్కాక మామగారి చెయ్యి కిటికీలోంచి బయటికి వచ్చి ముందుకు ఊగింది: వేగం పెంచు. పెంచాడు. చెయ్యి మళ్ళీ ఊగింది. మళ్ళీ పెంచాడు. ఇంజను గొంతు మారింది. చెట్లు, గోడలు, దుకాణాలు కలిసిపోయాయి. కారు రోడ్డుని అంటిపెట్టుకుని పోతోంది. డాక్టరు గ్లాసు వైపు చూడదలచుకోలేదు, చూశాడు. నీళ్ళ మీద ఆకాశం కనబడుతోంది. ఆ ఆకాశంలో ముడత లేదు. పక్కకి చూస్తే మామగారు కూడా గ్లాసునే చూస్తున్నారు, బోసి నోరు కొద్దిగా తెరిచి. ఆ నోరు మాట లేకుండా తెరుచుకోవడం డాక్టరు ఎప్పుడూ చూడలేదు.

షెడ్డు ముందు ఆగాక మామగారు గ్లాసు అందుకుని నీళ్ళు తాగేశారు.

"పాస్," అన్నారు.

కిందికి దిగి వెళ్ళబోతూ, ముందు చక్రం దగ్గర ఆగిపోయారు. ఎనిమిది ఆకులు కలిసే చోట, నడిమధ్యన, సన్నటి గులాబీ గీత కనబడుతోంది. వంగి చూశారు. వేలితో రాశారు. తర్వాత ఆ వేలితోనే తన చిగురు రాసుకున్నారు.

"ఏమయ్యా అల్లుడూ. ఇది నాకు రావాల్సింది కాదూ?"

డాక్టరు మొదటినుంచీ చెప్పాడు. పెట్టెల దగ్గర ఒకచోట ఆగాల్సివచ్చింది. "ఆ అమ్మాయి పెద్ద పెట్టె ల్యాబ్‌కి ఎందుకు పంపిందట?" అని ఆయన అడిగినప్పుడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా మిగతాది పూర్తిచేశాడు.

మామగారు అంతా విన్నారు. "బండి పాసు. పని పాసు," అన్నారు. "మామ నోరు పక్కనపెట్టి బండి నోరు చూసిన డాక్టరు ఫెయిల్. బండి ఇక్కడే ఉంటుంది. నేను పెద్దవాడింటికి పోయి అక్కడ పళ్ళు కట్టించుకుంటాను. అయ్యేదాకా అక్కడే ఉంటాను." ఆగి, చక్రం వైపు మళ్ళీ చూశారు. "అక్కడ కట్టేవాడు ఇంత బాగా కడతాడో లేదో."

పెద్దల్లుడు ఏదో అనబోయాడు. మామగారు అప్పటికే వ్యాను ఎక్కి ముందు సీట్లో కూర్చున్నారు. కూతుర్ని పిలిచి గ్లాసు మళ్ళీ నింపించుకుని, స్టీరింగు పక్కన, అద్దం కింద పెట్టారు.

పెద్దల్లుడు లైసెన్సు వేరే ఊళ్ళో తీసుకున్నవాడు.